ఇంటర్నెట్ విషయంలో మనలాంటి వాళ్ల మాట చెల్లుతుందా?

"నెట్ కంపెనీలది, చట్టం ప్రభుత్వానిది. డిజిటల్ హక్కుల కోసం మామూలు వాళ్లు ఏం చేయగలరు?" అని అడిగారు. చేయగలరు, చేశారు కూడా. దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

విశాఖలో మద్దిలపాలెం దగ్గర మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. 2015 డిసెంబరులో ఆంధ్రా యూనివర్సిటీ కుర్రాళ్లు ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, 'ఫ్రీ బేసిక్స్‌ను కాపాడండి' అని నోటిఫికేషన్ వచ్చేది. ఫ్రీ బేసిక్స్ అంటే ఫేస్‌బుక్ తెచ్చిన ఫ్రీ నెట్ పథకం. నొక్కితే ముందే రాసిపెట్టిన ఉత్తరం. పంపమంటే మన పేరు మీద ట్రాయ్‌కి, అంటే టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థకి, వెళ్లిపోతుంది. "పేదోళ్లకి నెట్ ఫ్రీగా ఇస్తారంట, మంచిదే కదన్నా" అనేవాళ్లు. కానీ ఫ్రీగా వచ్చేవి ఫేస్‌బుక్ షరతులకు ఒప్పుకున్న కొన్ని సైట్లే. మిగతావి చూడాలంటే డేటా వేయించుకోవాల్సిందే. శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు పోటీ పరీక్షల నోట్సు తెలుగులో టైప్ చేసి సొంత సైట్లో పెట్టేవాడు. "డేటా లేకపోతే నీ ఊళ్లో పిల్లలకి నీ నోట్సే కనబడవు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఒక్కో సైట్‌కి ఒక్కో డేటా ధర పెట్టొచ్చా అని జనం అభిప్రాయం అడుగుతూ ట్రాయ్ పెట్టిన కన్సల్టేషన్ పేపర్ తెరిచి, ఒక్కో ప్రశ్న చదువుకుంటూ, వచ్చీరాని ఇంగ్లీషులో తన జవాబులు తనే రాసి పంపాడు.

ఫేస్‌బుక్ పంపించిన ఆ ఒకే మూస ఉత్తరాలు అడిగిన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ అప్పుడే అంది. అంతకుముందు, ఆ ఏడాది వేసవిలోనే, నెట్ అందరికీ సమానంగా ఉండాలంటూ 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. చివరికి 2016 ఫిబ్రవరి 8న ఉత్తర్వులు వచ్చాయి: ఏ సైట్ చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదు, మారిస్తే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. ఫ్రీ బేసిక్స్ మన దేశం నుంచి వెళ్లిపోయింది.

కేబుళ్లు ఎవరివైనా కావచ్చు. రోడ్డు వేసిన కాంట్రాక్టరు మనం ఎవరింటికి వెళ్లాలో చెబితే ఊరుకోం కదా, నెట్ దగ్గర మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

రెండోది, నెట్ ఆపేయడం. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ లేదు. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మా మేనత్త కొడుకు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. గొడవతో వాడికేం సంబంధం? ఇలా ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలని, నిరవధికంగా ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, కశ్మీర్లో నెట్ ఆపడం మీద వేసిన అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. కాబట్టి నెట్ ఆగితే ఎప్పుడొస్తుందని అడిగి వదిలేయకండి. ఆర్డర్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

ఇక సొంత వివరాల సంగతి. సాయంత్రానికి మా కంప్యూటర్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్లు, మార్కుల మెమోలు, పాస్‌బుక్ మొదటి పేజీలు గుట్టగా ఉంటాయి. షట్టర్ దించేముందు అన్నీ తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాం. అందరూ అలాగే చేస్తారని నమ్మకండి. ప్రింట్ చేతికి రాగానే ఫైలు మీ కళ్లముందే తీయించండి, వాట్సాప్ వెబ్ లాగవుట్ చేశారో లేదో చూసుకోండి. పూర్తి నంబరు అక్కర్లేని చోట మొదటి 8 అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ సైట్లోనే దొరుకుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఫైలు తీయమని అడగడానికి మొహమాటమెందుకు?

ట్రాయ్ కన్సల్టేషన్ పేపర్లు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. ఎవరైనా జవాబు పంపొచ్చు. అన్ని ప్రశ్నలకూ రాయనక్కర్లేదు, మీకు తగిలే ఒక్కదానికి మీ అనుభవం రాసినా చాలు. ఇంగ్లీషంటే భయమైతే వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. గడువు మాత్రం ముందే చూసుకోండి.