మైకు కూతా, రేకు చప్పుడూ సంగీతమేనా? ఇంట్లో హార్ష్ నాయిస్ ఎలా మొదలుపెట్టాలి?

హార్ష్ నాయిస్ అంటే రాగం, తాళం పక్కనపెట్టి హోరు, కూత, గరగర లాంటి కర్కశ శబ్దాలతోనే చేసేది. ఆరేళ్లుగా చేస్తున్న పని కాబట్టి నా చేతికి తెలిసింది చెబుతాను. మొదటి ప్రశ్నకి నా జవాబు అవును, సంగీతమే. ఎందుకో చేసే పద్ధతిలోనే ఉంది.

టోక్యోకి చెందిన మసామి అకిటా 1979లో మెర్జ్‌బౌ పేరుతో నాయిస్ చేయడం మొదలుపెట్టారు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ హానోవర్‌లో తన ఇంటి లోపలే పెంచుకుంటూ పోయిన ఒక వింత కట్టడం పేరది. అకిటా రికార్డు మొదటిసారి పెట్టినప్పుడు పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. నాలుగోసారి అనుకుంటా, ఆ హోరు లోపల పొరలు కదలడం వినిపించింది. ఇక వదల్లేదు.

పందిట్లో మైకు పట్టుకుని బాక్సు ముందుకు వెళితే కుయ్యిమంటుంది కదా, ఫీడ్‌బ్యాక్ అంటే అదే. బాక్సులోంచి వచ్చిన శబ్దం మైకులోకి, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కి, మళ్లీ బాక్సుకి తిరుగుతుంది. చుట్టు తిరిగేసరికి తగ్గకుండా పెరిగితే కూత మొదలవుతుంది. మైకు కూడా అక్కర్లేదు, మిక్సర్ (రకరకాల శబ్దాలని కలిపే సౌండ్ బోర్డు) ఔట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపినా పలుకుతుంది. జపాన్ సంగీతకారుడు తొషిమారు నకామురా ఏళ్లుగా అలా ఖాళీ మిక్సర్‌నే వాయిస్తున్నారు.

కాంటాక్ట్ మైకు గాలిలో శబ్దాన్ని పెద్దగా పట్టించుకోదు, తాను అంటుకున్న వస్తువు కంపనాన్ని వింటుంది. బజర్లలో ఉండే పీజో బిళ్లే చాలు. కోఠి గుజరాతీ గల్లీలో 27 మిల్లీమీటర్లవి కొన్నాను. ఇత్తడి రేకు మీద తెల్లటి సిరామిక్ ఉంటుంది. షీల్డెడ్ వైరులో లోపలి తీగ తెలుపుకి, బయటి అల్లిక ఇత్తడికి సోల్డర్ చేయాలి. తెలుపు మీద ఐరన్ క్షణం మించి ఉంచకండి, వెండి పూత లేచిపోతుంది. నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి పెడితే బేస్ పోయి పీలగా వినిపిస్తుంది. గిటార్ డిస్టార్షన్ పెడల్ (శబ్దాన్ని గరగరలాడించే చిన్న పెట్టె) గుండా పంపితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది, ఎందుకంటే సాధారణంగా దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఎక్కువ, బిళ్ల ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ని అది లాగేయదు.

ఇప్పుడు అసలు సంగతి. బిళ్లని స్టీలు డబ్బా మూత అడుగున గట్టిగా అంటించి, మూతని స్పీకర్ దగ్గర పెట్టి, పెడల్ గెయిన్ మెల్లగా పెంచండి. ఒక దశలో మీరు తాకకుండానే మూత పలకడం మొదలుపెడుతుంది. బొటనవేలితో అంచు నొక్కితే శ్రుతి మారుతుంది, ఇంకాస్త నొక్కితే గరగరలోకి విరిగిపోతుంది. రెండింటి మధ్య వెంట్రుకవాసి చోటు ఒకటుంది, అక్కడ రెండూ వినిపిస్తాయి. తంబురా తీగ కింద దారం జరుపుతూ ఝంకారం కోసం వెతకడం చూశారా? చెవి చేసే పని అదే. అందుకే దీన్ని సంగీతం అంటున్నాను.

చెవుల విషయంలో మాత్రం దయచేసి నా మాట వినండి. మొదట్లో ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిక్సర్ లూప్ ప్రయత్నించాను. నాబ్ కొంచెం కదిపానో లేదో కూత ఒక్కసారిగా ఎగిసింది. రెండు రోజులు చెవుల్లో గుయ్యిమనే మోత, ఒకటే టెన్షన్. ఫీడ్‌బ్యాక్ నెమ్మదిగా పెరుగుతుందని నమ్మకూడదు. హెడ్‌ఫోన్స్ వద్దు, చివర్లో శబ్దం ఒక స్థాయి దాటకుండా ఆపే లిమిటర్ పెట్టండి, స్పీకర్ వాల్యూమ్ తక్కువలో ఉంచండి. పని చోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. 100 దగ్గర 15 నిమిషాలే.

సింథ్‌లూ, పెడళ్ల వరుసా ఇప్పుడే కొనకండి. మొదటి వారం ఒక్క మూతతోనే కూర్చుని, ఎక్కడ నొక్కితే ఏం పలుకుతుందో మార్కర్‌తో దాని మీదే గుర్తులు పెట్టుకోండి. నా మూత మీద పదకొండు గుర్తులున్నాయి, కచేరీకి ఇప్పటికీ దాన్నే తీసుకెళ్తాను.