శరణార్థులతో నడక: ఏర్పాట్లు చూసే అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని కెంట్ కొండల మీద శరణార్థులతో, డిటెన్షన్ (వలస అధికారులు పెట్టే నిర్బంధం) నుంచి బయటపడ్డవాళ్లతో నడక పెట్టుకున్నామనీ, ఏర్పాట్లు నీమీద పడ్డాయనీ రాశావు. 2015లో డోవర్ నుంచి క్రాలీ దాకా ఇలాంటి నడక జరిగినప్పటి నుంచీ అడుగుతున్నది ఒకటే: బ్రిటన్‌లో వలస నిర్బంధానికి చట్టంలో గడువు పెట్టమని. శిక్షపడ్డ ఖైదీకి విడుదల తేదీ తెలుస్తుంది, వీళ్లకు అదీ తెలియదు. ఆ బెదురు బయటికొచ్చాకా వదలదు. అది మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టు.

దారి సంగతి తర్వాత, ముందు తేదీలు చూడు. చాలామంది చెప్పిన రోజుకు హోం ఆఫీస్ (బ్రిటన్ హోంశాఖ) సెంటర్‌కి వెళ్లి కనబడాలి, దాన్నే రిపోర్టింగ్ అంటారు. తప్పితే మళ్లీ లోపల పెట్టే ప్రమాదముంది. ఎవరి రోజు ఎప్పుడో అడిగి, ఆనాటి నడక రైలు స్టేషన్ దగ్గర ముగిసేలా చూడు. బెయిల్ షరతున్నవాళ్లు రాత్రి బయట ఉండవచ్చో లేదో వాళ్ల లాయరే చెప్పాలి. నువ్వు చెప్పకు. రిజిస్ట్రేషన్ లేకుండా వలస సలహా ఇవ్వడం అక్కడ నేరం.

తర్వాత డబ్బు. ఆశ్రయం అడిగి ఎదురుచూసేవాళ్లకు 2024లో ప్రభుత్వం ఇచ్చింది, సొంతంగా వండుకునే వసతిలో ఉంటే మనిషికి వారానికి 49.18 పౌండ్లు, భోజనం పెట్టే హోటళ్లలో ఉంటే 8.86. ఉద్యోగం చేసుకుందామంటే సాధారణంగా అనుమతి ఉండదు. "టికెట్ కొనుక్కుని రండి, తర్వాత ఇస్తాం" అంటే రావద్దన్నట్టే. రానూపోనూ టికెట్లు ముందే పంపు. బూట్ల కొలతలు నెల ముందే తీసుకో, మూడు వారాల ముందే చేతికివ్వు. కొత్తబూట్లతో వచ్చినవాళ్లకు రెండోరోజుకే బొబ్బలెక్కుతాయి. అక్కడి సుద్దనేల తడిస్తే సబ్బులా జారుతుంది, అరిగిన అడుగులున్నవి పనికిరావు.

రోజుకు పదిహేను కిలోమీటర్లు చాలు, గంటకో పది నిమిషాలు ఆగండి. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టు. లేకపోతే వరస సాగిపోయి, అలవాటున్న వలంటీర్లు ముందు కబుర్లలో పడతారు, ఎవరికోసం నడుస్తున్నామో వాళ్లు వెనక ఒంటరిగా మిగులుతారు.

గట్టిగా పేర్లు పిలిచి హాజరు వేయకు. లోపల రోజూ తలలు లెక్కపెట్టేవాళ్లు, ఆ పిలుపుకే గుండె జారుతుంది. ఇద్దరిద్దర్ని జతచెయ్యి, ఒకరి సంగతి ఒకరు చూసుకుంటారు. మెరిసే జాకెట్లు కాలిబాట లేని రోడ్ల మీద ముందొకరికి, వెనకొకరికి చాలు. అవి ఎందుకో పొద్దున్నే చెప్పు, లేకపోతే కాపలావాళ్లు గుర్తొస్తారు. రాత్రి పడుకునేచోట ఏ తలుపూ బయటినుంచి గడియ పడకూడదు. తలుపు దగ్గరి చోటు వాళ్లనే ఎంచుకోనివ్వు. హలాల్, శాకాహారం విడివిడి గరిటెలతో వడ్డించాలి.

మన తెలుగువాళ్లు వలంటీర్లుగా వస్తే ఒక మాట ముందే చెప్పు. "ఏ ఊరు? పిల్లలెంతమంది?" అనేది మనకు ఆప్యాయమైన పలకరింపు. ఆశ్రయం కోసం అధికారులు చేసే ఇంటర్వ్యూల్లో పదేపదే ప్రశ్నలు ఎదుర్కొన్నవాళ్లకు అది విచారణలా తగులుతుంది, పిల్లలు ఎక్కడున్నారో తెలియనివాళ్లూ ఉంటారు. పక్కపక్కన నడుస్తుంటే మొహం చూడక్కర్లేదు, చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. మౌనంగా నడిచినా తప్పులేదు. ఫొటో తీసే ముందు ఒకసారి, ఎక్కడైనా పెట్టే ముందు మరోసారి అడగాలి. ఊరిపేరుతో పాటు మొహం కనబడితే స్వదేశంలో మిగిలిన కుటుంబానికి ముప్పు.

చివరిరోజు అందర్నీ రైలెక్కించాక నీ పని అయిపోయిందనుకోకు. మరుసటి వారం రిపోర్టింగ్‌కి వెళ్లేవాళ్ల పేర్లు రాసిపెట్టుకో. వాళ్లు ఒప్పుకుంటే గేటు దాకా తోడెళ్లడానికి ఒకరిని, సాయంత్రం ఫోన్ చెయ్యడానికి మరొకరిని ఇప్పుడే మాట్లాడి ఉంచు.