లైన్‌మన్ అంటే స్తంభం ఎక్కేవాడు కాదండి

ప్ర: మా కుర్రాడు లూ గ్రోజా అనే పాతకాలపు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి పేరే జపిస్తున్నాడండి. ఆయన లైన్‌మనట. మా ఊళ్ళో లైన్‌మన్ అంటే గాలివానకి తీగ తెగితే వచ్చేవాడు. అక్కడ ఆ మనిషి పనేంటి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జ: బంతి పెట్టిన చోట మైదానానికి అడ్డంగా ఒక గీత ఉందనుకోండి. దానికి అటూ ఇటూ వంగి, ఎదురెదురుగా నిలబడేవాళ్ళే లైన్‌మన్లు. బంతి ఉన్న జట్టులో వీళ్ళు ఐదుగురు: నడుమ సెంటర్, ఆయనకు చెరో పక్క గార్డు, గార్డుల పక్కన టాకిళ్ళు. గ్రోజాది ఎడమ టాకిల్ స్థానం. వెనక బంతి విసిరేవాడి మీదికి ఎదుటివాడు రాకుండా రెండు మూడు సెకన్లు ఆపాలి, అంతే.

చెడుగుడు ఆడినవాళ్ళకి ఇది తేలిగ్గా అనిపిస్తుంది. కానీ అక్కడ పట్టు పట్టొచ్చు, ఇక్కడ ఎదుటివాణ్ణి పట్టుకుంటే తప్పు. ఆ రోజుల్లో అందుకు జట్టుని 15 గజాలు వెనక్కి పంపేవాళ్ళు. చేతులు చాచి తొయ్యడానికి కూడా 1978 దాకా ఒప్పుకోలేదు. పిడికిళ్ళు రొమ్ము దగ్గర పెట్టుకుని భుజాలతో, ముంజేతులతో ఆపాలి. ఎదుటివాడికంటే నడుము కిందికి ఉంచినవాడిదే పైచేయి. నిటారుగా లేచాడా, వెల్లకిలా పడ్డట్టే.

ప్ర: ఆయనకి పేరొచ్చింది ఈ అడ్డుకోవడం వల్లేనా?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జ: కాదమ్మా, కుడికాలి బొటనవేలి వల్ల. టాకిల్ పనితో పాటు, పాయింట్ల కోసం బంతిని గోలు స్తంభాల మధ్యనుంచి తన్నేదీ ఆయనే. 'ది టో' అనేవాళ్ళు. 1924లో ఒహాయోలోని మార్టిన్స్ ఫెర్రీలో పుట్టాడు. కాలేజీలో చేరిన కొత్తలోనే సైన్యానికి వెళ్ళి, ఒకినావా యుద్ధరంగంలో శస్త్రచికిత్సల దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. 1946 నుంచి 1967 దాకా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకే 21 సీజన్లు ఆడాడు. నడుం దెబ్బతిని 1960 ఒక్కటే మానాడు. తిరిగొచ్చాక తన్నడం తప్ప టాకిల్ పని చెయ్యలేదు. మొత్తం 1,608 పాయింట్లు. 1974లో ఆ ఆటలో మేటి ఆటగాళ్ళకి గౌరవంగా ఇచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు, 2000లో పోయాడు.

అన్నిటికంటే చెప్పుకునేది 1950 డిసెంబరు 24 నాటి లీగు ఫైనల్. ఇంకా 28 సెకన్లుండగా 16 గజాల నుంచి కొట్టి జట్టుని 30–28తో గెలిపించాడు. 16 గజాలేనా అనకండి. అప్పుడు గోలు స్తంభాలు గోలు గీత మీదే ఉండేవి. 1974లో 10 గజాలు వెనక్కి జరిపారు. ఇప్పటి లెక్కలో అది 26 గజాలు.

ఈ అంకెలన్నీ కాలివేనని గమనించారా? టాకిల్‌గా ఎందరిని ఆపాడో రాసిపెట్టే పద్దు ఆ ఆటలో లేదు. అన్యాయమే.

ప్ర: దాళ్వా కోసిన చేలో మా పిల్లలు ఆయనలాగే బొటనవేలితో కొడుతున్నారు. బంతి పక్కకి పోతోంది, వేళ్ళు వాస్తున్నాయి. తప్పెక్కడ?
– ఒక వ్యాయామోపాధ్యాయుడు, రాజోలు

జ: ముందు కాన్వాసు బూట్లు మానిపించండి. ఆ తరహా కిక్కర్ల బూటుకి ముందుభాగం గట్టిగా, నలుచదరంగా ఉండేది. గుండ్రటి మొనతో కొడితే తగిలేది చిటికెడు మేర; అది కాస్త అటూఇటూ అయినా బంతి తిరుగుతూ పక్కదారి పడుతుంది.

బంతి డొక్క తియ్యని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది కాబట్టి ఒకడు దాన్ని నిలబెట్టి, పై కొనని వేలితో పట్టుకోవాలి. కుట్లు గోలు వైపుండాలి. తన్నేవాడు తిన్నగా వెనక నుంచే రావాలి. రెండడుగులు చాలు. ఎడమ పాదం బంతికి ఎడంగా, జానెడు వెనక పడాలి. మరీ ముందుకు పడితే కాలు ఇంకా కిందికి దిగుతుండగానే తగిలి బంతి నేలబారుగా పోతుంది. మరీ వెనకైతే అందీ అందక జోరుండదు. చీలమండ బిగించి, వేళ్ళు పైకెత్తి, బంతి నడిమికి కాస్త కింద కొట్టాలి. చీలమండ వదులైతే దెబ్బంతా వేళ్ళ మీదే పడుతుంది. మీవాళ్ళ వాపు అదే.

నడక తిన్నగా రావడానికి గ్రోజా సుమారు ఆరడుగుల టేపు నేలమీద పరిచేవాడు. తర్వాత లీగు దాన్ని నిషేధించింది. మీ పిల్లలకి ఆ అడ్డు లేదు, కొబ్బరితాడు పరవండి.

1964లో పీట్ గోగొలాక్ అనే కిక్కర్ వచ్చి పక్కనుంచి పాదం పైభాగంతో కొట్టడం మొదలుపెట్టాక బొటనవేలి పద్ధతి క్రమంగా పోయింది. తగిలే మేర ఎక్కువ, నడుము తిరుగుడు కూడా కలిసొస్తుంది. పోటీకైతే అదే నేర్పండి.

గోలుకి రెండు వెదురు గడలు 18½ అడుగుల ఎడంలో పాతి, 10 అడుగుల ఎత్తున తాడు కట్టండి. ఎడమ పాదం పడేచోట వరి మోళ్ళు కొట్టేయించండి, నెర్రెలుంటే మట్టితో పూడ్పించండి. మడమ అందులో దిగిందంటే మోకాలు మెలిపడుతుంది.