పదో తరగతిలో మేం 13 మందిమే

"మా ఊరి జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి పన్నెండు మందే ఉన్నారు. మా పాప ఎనిమిదిలోకి వచ్చింది. అక్కడే ఉంచాలా, వ్యాన్ ఎక్కించి టౌన్‌లో ప్రైవేటు బడికి పంపాలా? తక్కువమందితో చదువుకున్నవాళ్లు చెప్పండి" అని అడిగారు. నేను అలాంటి తరగతిలోనే చదివాను. మంచీ చెడూ రెండూ చెబుతాను.

మాది ములుగు దగ్గర ఒక జడ్పీ హైస్కూల్. 2015 జూన్‌లో ఆరో తరగతిలో చేరినప్పుడు 22 మందిమి. 2020లో హాల్‌టికెట్లు వచ్చేనాటికి 13 మందిమి మిగిలాం. ఏడుగురు ఆడపిల్లలు, ఆరుగురు మగపిల్లలు. కొందరికి గురుకులాల్లో సీట్లు దొరికాయి, కొందరిని ఇళ్లల్లో ప్రైవేటుకు మార్చారు. ప్రతి జూన్‌లో రిజిస్టర్ కొత్తగా రాసినప్పుడల్లా మా రోల్ నంబర్లు ముందుకు జరిగేవి. ఆరో తరగతిలో నాది పదిహేను, పదిలో తొమ్మిది. మేం ఒకరినొకరం నంబర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఇప్పటికీ నా ఫోన్‌లో వాళ్ల నంబర్లు అలాగే సేవ్ అయి ఉన్నాయి.

మా జిల్లా కూడా అంతే, నిలకడగా ఉండలేదు. మేం చేరినప్పుడు వరంగల్ జిల్లా. 2016 దసరాకు జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయింది. బడి గోడ మీద జిల్లా పేరు రెండుసార్లు చెరిపి రాశారు. రెండోసారి పాత పేరు మీద సున్నం వేసింది మేమే.

ముందు ఇబ్బందులు చెబుతాను, ఎందుకంటే మీరు నిర్ణయం తీసుకోవాలి. మాకు ఎనిమిదో తరగతిలో చాలాకాలం హిందీ చెప్పేవాళ్లు లేరు. తర్వాత ఒక విద్యా వలంటీర్ వచ్చారు, అక్షరాల నుంచి మళ్లీ మొదలుపెట్టారు. క్లాస్ ఫస్ట్ వచ్చామంటే 13 మందిలో ఫస్ట్ అని మాత్రమే అర్థం. ఇంటర్‌లో చేరాక నేనెక్కడున్నానో తెలిసి చాలా బాధపడ్డాను. ఇంకొకటి, ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే తరగతి మొత్తానికి ఊపిరాడదు. తొమ్మిదిలో ఇద్దరు దోస్తులకు చెడింది. వేరే బెంచీకి వెళ్లి వేరే జట్టు కట్టుకుందామంటే మనుషులే లేరు. దసరా దాకా అందరం ఆ మౌనాన్ని మోశాం. మండలం ఆటల్లో ఆడపిల్లల కబడ్డీకి సరిగ్గా ఏడుగురే, సబ్‌స్టిట్యూట్ లేదు. రెండో మ్యాచ్‌లో ఒకమ్మాయి కాలు బెణికితే ఆరుగురే ఆడి ఓడిపోయారు. మగపిల్లలకైతే జట్టే కాలేదు.

అందుకే ముందు బడికి వెళ్లి ఏ సబ్జెక్టుకు టీచర్ లేరో అడగండి. మ్యాథ్స్‌కు, సైన్స్‌కు, ఇంగ్లిష్‌కు టీచర్లు లేకపోతే వేరే ఆలోచన చేయండి. టీచర్లు ఉంటే మాత్రం తరగతి చిన్నదని మార్చకండి. ఎందుకో నాకు జరిగింది చెబితేనే అర్థమవుతుంది.

మా వైపు సంక్రాంతి దాటితే మిరపతోటల్లో ఏరుడు మొదలవుతుంది. 2020 జనవరిలో ఒక మంగళవారం సార్ అటెండెన్స్ పిలుస్తుంటే పదకొండో నంబరు పలకలేదు. బుధవారం కూడా పలకలేదు. 60 మంది తరగతిలో రెండు రోజులు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? మాకు మొదటి బెంచీలో సగం ఖాళీగా కనిపించింది. ఆమె పక్కన కూర్చునే ఎనిమిదో నంబరు అన్నం కూడా సరిగా తినలేదు. గురువారం స్పెషల్ క్లాస్ అయ్యాక మ్యాథ్స్ సార్ బండి మీద, మేం ఐదుగురం సైకిళ్ల మీద వాళ్ల ఊరికి వెళ్లాం.

ఆమె తోటలోనే ఉంది. నాన్నకు ఆరోగ్యం బాగాలేక పనికి పోలేకపోతున్నాడు. ఆ తోట రైతు దగ్గరే ముందుగా డబ్బులు తెచ్చుకున్నారు. తల్లీకూతుళ్లు ఏరి తీర్చాలి. మమ్మల్ని చూసి ఆమె చున్నీతో ముఖం కప్పుకుంది, మిరప ఘాటుకో, మమ్మల్ని చూసినందుకో.

వాళ్లమ్మ సార్‌ను సూటిగానే అడిగింది: "పది పాసైతే మాత్రం కూలి తప్పుతదా సారూ?"

సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తప్పకపోవచ్చమ్మా. పరీక్ష మాత్రం రాయనియ్యి" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. పాసైతే ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టలేదు. ఉన్నదే చెప్పారు. దానికే ఆమె మెత్తబడింది. సోమవారం నుంచి పంపిస్తాను, ఆదివారాలు మాత్రం తోటకు రావాలి అంది.

మేం ఎనిమిది మందిమి ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ తోటకు వెళ్లాం. ఏరింది కిలోల లెక్కన పదకొండో నంబరు పేరు మీద రాయమని రైతును అడిగితే ఒప్పుకున్నాడు. మొదటి రోజు సాయంత్రానికి చేతులు మండి నిద్ర పట్టలేదు. రెండో వారం కొబ్బరినూనె రాసుకుని వెళ్లాం. చదువుకునే రోజులు పాడుచేసుకుంటున్నారని సార్ కోప్పడ్డారు. మూడో ఆదివారం ఆయనే తోటకు వచ్చి, మేం చాళ్లలో ఏరుతుంటే గట్టు మీద నిలబడి త్రికోణమితి విలువలు అప్పజెప్పించారు. సైన్ 30 ఎంత, కాస్ 60 ఎంత అని వరసగా ఒక్కొక్కరినీ. కూలికి వచ్చిన ఆడవాళ్లు నవ్వుతూ విన్నారు. వాళ్లలో ఒకామె మూడోసారి మాకంటే ముందే "అర!" అని జవాబు చెప్పేసింది.

అంతకుముందు 2019 అక్టోబర్‌లో ఆర్టీసీ సమ్మె మొదలైంది, 52 రోజులు సాగింది. దసరా సెలవులు పొడిగించారు. బడి తెరిచాక దూరం ఊరి నుంచి బస్సులో వచ్చే ముగ్గురికి దారి లేదు. వాళ్లు వంతులవారీగా మా ఇళ్లల్లోనే ఉన్నారు. దాని గురించి ఎవరూ మీటింగ్ పెట్టుకోలేదు. మా అమ్మ మరో గిన్నె బియ్యం ఎక్కువ పోసింది, అంతే.

ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా మేడారం జాతర. మా రోడ్డంతా బండ్లే. జాతర అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు మాకు ఫేర్‌వెల్ చేశారు. ఆ రోజు ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే అసలు వీడ్కోలు చివరి పరీక్ష రోజని అనుకున్నాం. ఒక్కొక్కరం ఒక తెల్ల చొక్కా తెచ్చుకోవాలి, మిగతా పన్నెండు మందీ దాని మీద సంతకం చేయాలి. చొక్కాలు కూడా కొన్నాం.

మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. అప్పటికి పేపర్లు 11. రెండు తెలుగు పేపర్లు, హిందీ రాశాం. 20వ తేదీ రాత్రే, సోమవారం నుంచి పరీక్షలు వాయిదా వేయాలని హైకోర్టు చెప్పినట్టు టీవీలో వచ్చింది. 21న హిందీ రాసి మాట్లాడుకున్న ఆటో ఎక్కాం. "పది రోజులే గదా" అనుకుంటూ ఎవరి ఊరి దగ్గర వాళ్లు దిగిపోయారు. నేను పుస్తకంలో తల పెట్టుకుని ఉన్నాను. ఏడో నంబరు దిగినప్పుడు తలెత్తి చూడనేలేదు.

తర్వాత మీకు తెలిసిందే. జనతా కర్ఫ్యూ, లాక్‌డౌన్. జూన్ 8న పరీక్షలు రద్దుచేసి అందరినీ పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. బడిలో రాసిన ఫార్మేటివ్ (ఎఫ్ఏ) పరీక్షల మార్కులే మా గ్రేడ్లయ్యాయి. పదకొండో నంబరు తోట నుంచి తిరిగొచ్చి రాసిన ఎఫ్ఏ-4 మార్కులు కూడా అందులో ఉన్నాయి. మెమోలు ఒక్కొక్కరం ఒక్కోరోజు మాస్కు పెట్టుకుని వెళ్లి తెచ్చుకున్నాం. ఐదేళ్లు పక్కపక్కన కూర్చున్న 13 మంది ఆ ఆటో తర్వాత మళ్లీ ఒకచోట కలవలేదు.

నేను డిగ్రీ హన్మకొండలో చదివాను. సెక్షన్‌లో 70 మందికి పైనే. సెకండియర్‌లో జ్వరంతో నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజు వెళితే ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆ గదిలో నా చోటు ఖాళీగా కనబడదు. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఎనిమిదో నంబరుకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

మీ పాప విషయంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే. పాప రెండు రోజులు రాకపోతే ఆ బడిలో ఎవరు గమనిస్తారు, ఎవరు ఇంటిదాకా వస్తారు? ఈ ఒక్క ప్రశ్న అక్కడి సార్లను, పదో తరగతి పిల్లలను అడిగి చూడండి.

పదకొండో నంబరు ఇంటర్‌లో ఒకేషనల్ నర్సింగ్ వైపు కోర్సు చేసి, ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. నా చొక్కా మీద మొదటి సంతకం ఆమెదే, మెమోలు తెచ్చుకున్న ఆ వారంలోనే మా ఇంటికొచ్చి చేసింది. పేరు రాయలేదు, 11 అని రాసింది. తర్వాత పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, జాతరలో కలిసినవాళ్లతో ఒక్కొక్కటిగా చేయించుకుంటూ వచ్చాను. ఇప్పటికి పది సంతకాలయ్యాయి. నాలుగో నంబరు దుబాయ్‌లో ఉన్నాడు, సెలవు దొరకగానే వస్తానన్నాడు. ఏడో నంబరు ఆ ఆటో దిగినప్పటి నుంచి నాకు కనబడలేదు. వాళ్లింటివాళ్లు ఊరు మారారు. చొక్కా ఎడమ భుజం మీద ఆమె కోసం చోటు వదిలిపెట్టాను.