సజ్జ మీది కంప్యూటర్ దించే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు దసరా సెలవులకు వస్తదట, సజ్జ మీదున్న నీ పాత కంప్యూటర్ దించి మళ్లీ నడిపిస్తదట" అని చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సగం సంతోషం, సగం భయం. ఈ కాలం పిల్లల్లో పెంటియమ్ త్రీ లాంటి పాత మిషన్ మీద మనసు పడేది ఎవరికి? నీకు పడింది. నా చేతి కింద నేర్చుకున్న పిల్లవని గర్వంగా ఉంది. కానీ "ఫార్మాట్ కొట్టి విండోస్ 98 వేస్తా" అన్నావట. ఆ ఒక్క మాటకే తెల్లారక ముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, పెట్టేసాక ఏదీ గుర్తుండదు. కాగితమైతే పక్కన పెట్టుకుని చేస్తావు.

అన్నిటికంటే ముందు, అందులోని హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయకు, అంటే ఉన్నదంతా తుడిచేయకు. ఎందుకో కింద రాస్తాను.

దించగానే ప్లగ్గు పెట్టకు. ఇన్నేళ్లు సజ్జ మీద ఉంది, లోపల బల్లులు, బొద్దింకలు ఏం చేశాయో తెలియదు. పక్క మూత తీసి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపు. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లను ఒక్కొక్కటిగా చూడు. వాటి నెత్తులు చదునుగా ఉండాలి. 2000 ప్రాంతంలో తయారైన బోర్డుల్లో ఇవి ఉబ్బిపోవడం మామూలే. ఒక్కటి ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా అక్కడే ఆగి నాకు ఫోన్ చేయి. గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, కొత్తది వేయి. కరెంటు డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని మూత మాత్రం తీయకు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. పాత మానిటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో వేల వోల్టులు ఉంటాయి. నీకేమైనా అయితే మీ అమ్మకు నేను మొహం ఎట్లా చూపించాలి? మన ఊళ్లలో వోల్టేజీ ఎట్లా ఎగిరెగిరి పడుతుందో నీకు తెలుసు, కాబట్టి స్టెబిలైజర్ లేకుండా ఆన్ చేయకు.

ఆన్ చేసే ముందే డిస్కును బయటికి తీయి. దానికుండే పాత రకం ఐడీఈ కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ ఒకటి కొనుక్కో. సొంతంగా కరెంటు వైరు ఉన్నదే తీసుకో, ఆ పెద్ద డిస్కుకు లాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటు చాలదు. లాప్‌టాప్‌ను విండోస్ బదులు పెన్‌డ్రైవ్ లైనక్స్ మీద నడిపించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తం ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయి. విండోస్‌లో తగిలిస్తే అది అడగకుండానే డిస్కు మీద ఏదో ఒకటి రాస్తుంది, అందుకే లైనక్స్. డీడీరెస్క్యూ చెడిపోయిన చోట్లను పక్కన పెట్టి, బాగున్నదంతా ముందు లాగేస్తుంది, తర్వాత మళ్లీ వచ్చి మిగిలింది ప్రయత్నిస్తుంది. ముసలి డిస్కును ఎక్కువ కష్టపెట్టదు. ఉన్నది 20 జీబీ, నీ ఫోన్లో కూడా పడుతుంది. రెండు చోట్ల దాచు. మధ్యలో టక్కు టక్కుమని శబ్దం వస్తే వెంటనే ఆపేయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు విను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సందులో నా డీటీపీ షాపు ఉన్న రోజులు. నువ్వు ఇంకా పుట్టలేదు. దేవరకొండ వైపు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పంతులు గారు వచ్చేవారు. సంచిలో నాలుగు నోటు పుస్తకాలు ఉండేవి. నాటు పాటలు, కలుపు పాటలు, ఇసుర్రాయి పాటలు, పీర్ల పండుగ పాటలు, మట్టి పనికి వలసపోయిన పాలమూరు కూలీల పాటలు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి ఆడవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నవి. ఆయన పాడేవారు, నేను టైప్ చేసేవాణ్ని. నోటు పుస్తకంలో పల్లవి ఒక్కటే ఉంటే, కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని చరణాలు చెప్పేవారు. అవి కాగితం మీద ఎక్కడా లేవు, నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. నాలుగు నెలలు, రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చేవారు. 180 పేజీలు అయ్యాయి.

1999 ఏప్రిల్ 26, సోమవారం. షాపు తీసి స్విచ్ వేశాను. నల్ల తెర మీద ఒక్క లైను, "డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టమ్ డిస్క్". మూడు సార్లు ఆపి వేశాను, అదే లైను. చెర్నోబిల్ వైరస్ అని తర్వాత తెలిసింది, అసలు పేరు సీఐహెచ్. అంతకు ముందు ఏడాది తైవాన్‌లో ఒక విద్యార్థి రాశాడు. ఏప్రిల్ 26 వచ్చేదాకా విండోస్ 95, 98 ఉన్న మిషన్లలో చడీచప్పుడు లేకుండా పడి ఉండి, ఆ రోజు లేస్తుంది. ఎవరో ఇచ్చిన సీడీలోంచి నేను వేసుకున్న ఏదో ప్రోగ్రాంతో వచ్చి ఉంటుంది.

అప్పుడు వైశాఖం. పెళ్లిళ్ల సీజన్. పదిహేడు పెళ్లికార్డులు పెండింగ్‌లో ఉన్నాయి, పొద్దుటి నుంచే జనం షాపు ముందు నిలబడ్డారు. తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి చూసి "డిస్కు పోయిందన్నా, ఫార్మాట్ కొట్టు" అన్నాడు. అతణ్ని అనేదేమీ లేదు, కొట్టింది నేను. డిస్కును భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ నడిపించి, సీ, డీ అనే రెండు పార్టిషన్లనూ ఒకటి చేసి, ఫార్మాట్ చేసి, మధ్యాహ్నానికల్లా విండోస్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వేసి పెళ్లికార్డుల మీద కూర్చున్నాను.

ఆరు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు చెప్పాడు. ఆ వైరస్ డిస్కు మొదట్లో ఉండే 1 ఎంబీని మాత్రమే తుడిచేస్తుందట. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక అక్కడే ఉంటుంది, అది పోతే కంప్యూటర్‌కు డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. పాటలు ఉన్నది డీ డ్రైవ్‌లో. దాన్ని వైరస్ ముట్టనే లేదు. ఆ పట్టికను మళ్లీ రాసి ఉంటే 180 పేజీలు చెక్కుచెదరకుండా వచ్చేవి. పాటల్ని పోగొట్టింది వైరస్ కాదు బిడ్డా, ఆ మధ్యాహ్నం నా తొందర.

మరి ఫ్లాపీల్లో దాచలేదా అని అడుగుతావు. దాచాను. ఫిబ్రవరిలో ఆరు ఫ్లాపీల్లో కాపీ చేశాను. ఏప్రిల్‌లో పెళ్లికార్డులకు ఫ్లాపీలు తక్కువ పడితే, "ఎట్లాగూ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా" అని వాటినే తుడిచి వాడాను. వాటి మీద నీలం ఇంకుతో "పాటలు" అని రాసిన లేబుళ్లు కూడా పీకలేదు, పైన కొత్తవి అతికించాను.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి పంతులు గారు వచ్చారు. చెప్పాను. కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు తెర వైపే చూశారు. "అంతా పోయిందా, కొంచెమన్నా మిగిలిందా?" అని మెల్లగా అడిగారు. అప్పటిదాకా ప్రూఫ్ కోసం ప్రింటు తీసిన అరవై పేజీలు మిగిలాయి. ఆయన అడిగిన ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

2002లో ఆయన మళ్లీ వచ్చారు. చూపు తగ్గింది, గుర్తు కూడా తగ్గింది. అయినా నోటు పుస్తకాలు, ఆ అరవై పేజీలు ముందు పెట్టుకుని మళ్లీ చేశాం. కొన్ని పాటలకు చరణాలు రాలేదు. అడుగుదామంటే ఆ పాటలు పాడినవాళ్లు అప్పటికే లేరు. వచ్చినంత వరకు ఇప్పుడు సజ్జ మీదున్న మిషన్‌లోనే టైప్ చేశాను, సీడీలో రాసుకున్నాను. పోయిన సంవత్సరం ఆ సీడీ పెట్టి చూస్తే చదవడం లేదు, మీది పొర పెచ్చులు లేచింది. పంతులు గారు ఇప్పుడు లేరు. ఆ పాటలు ఉన్న చోటు ఒక్కటే, మీ ఇంటి సజ్జ మీది డిస్కు. షాపు మూసేసిన నాటి నుంచి దాన్ని ఆన్ చేయడానికి నాకే ధైర్యం చాలలేదు. ఆన్ చేస్తే ఏమవుతుందోనని భయం. డీ డ్రైవ్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో "పంతులు" అని ఫోల్డర్ ఉంటుంది. అదీ సంగతి.

ఇమేజ్ తీశాక అసలు డిస్కును యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచు. నీ ప్రయోగాలన్నీ కొత్తదాని మీద చేసుకో. డిస్కు బదులు ఐడీఈ అడాప్టర్‌తో 32 జీబీ కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు చాలు. 64 జీబీ దాటితే పాత ఎఫ్‌డిస్క్ సైజు తప్పు చూపిస్తుంది, 137 జీబీ దాటితే విండోస్ 98 తన సొంత డ్రైవర్‌తో సరిగా రాయలేదు. ర్యామ్ కూడా దొరికింది కదా అని ఎక్కించకు. 512 ఎంబీ దాటితే తంటాలు మొదలవుతాయి, ఉన్న 128 చాలు.

వేసేది విండోస్ 98 సెకండ్ ఎడిషన్, 1999ది. బూట్ ఫ్లాపీతో లేపి, కాపీని వేగంగా చేసే స్మార్ట్‌డ్రైవ్ నడిపించి, సీడీలోని విన్98 ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచే సెటప్ మొదలుపెట్టు. స్మార్ట్‌డ్రైవ్ లేకుండా కాపీ చేస్తే కూర్చుని కూర్చుని విసుగొస్తుంది. ఫోల్డర్ లోపలే ఉంటే తర్వాత ఏ డ్రైవర్ వేసినా "సీడీ పెట్టు" అని ప్రాణం తీయదు.

డ్రైవర్లు, అంటే ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాంలు, వరుస తప్పకూడదు. ముందు చిప్‌సెట్, తర్వాత డిస్‌ప్లే, సౌండు, చివరికి ల్యాన్. ఒక్కొక్కటి వేశాక రీస్టార్ట్ చేసి, డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తులు పోయాయో లేదో చూసుకో. తర్వాత ఎన్‌యూఎస్‌బీ అనే డ్రైవర్ వేయి. విండోస్ 98కు పెన్‌డ్రైవ్ అంటే తెలియదు, అప్పట్లో ప్రతి కంపెనీ పెన్‌డ్రైవ్‌కూ వేరే డ్రైవర్ వేయాల్సి వచ్చేది. ఇది అన్నిటికీ ఒకటే. పాత యూఎస్‌బీ డ్రైవర్లు ఏమైనా ఉంటే తీసేశాకే దీన్ని వేయాలి. ఇది పని చేస్తే మిగతావన్నీ లాప్‌టాప్ నుంచి మోసుకుపోవచ్చు: 7-జిప్ 9.20, ఇర్ఫాన్‌వ్యూ పాత వెర్షన్, అడోబ్ రీడర్ 6, పాటలకు విన్యాంప్ 2. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. ఇంటర్నెట్ జోలికి పోకు. మైక్రోసాఫ్ట్ 2006 జులైలోనే దీన్ని వదిలేసింది. అందులో నడిచే ఫైర్‌ఫాక్స్ 2తో ఈనాటి వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు కూడా.

నీ డేవ్ ఆట కూడా వేసుకో. నా ఒళ్లో కూర్చుని, డేవ్ గాడు దూకినప్పుడల్లా నువ్వూ ఎగిరేదానివి. నా గడ్డానికి నీ తల ఎన్ని సార్లు తగిలిందో.

పేజ్‌మేకర్ 7, అనూ తెలుగు ఫాంట్లు తప్పకుండా వేయాలి. ఆ ఫైళ్లను కాపీ చేసినంత మాత్రాన పాటలు రావు. ఆ కాలపు తెలుగు ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. ఫైల్లో ఉండేవి ఇంగ్లిషు కోడ్‌లే. ఫాంటు లేకుండా తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి, చెడిపోయిందనుకుని మూసేస్తావు. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉన్న యూనికోడ్ తెలుగు విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అందుకని పాత డిస్కు ఇమేజ్‌లోంచి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తీసుకో. ప్రింటర్ పోర్టుకు అగ్గిపెట్టెంత ముక్క ఒకటి తగిలించి ఉంటుంది, అది టైపింగ్ ప్యాకేజీ లాక్. అది లేకపోతే ప్యాకేజీ తెరుచుకోదు. చెత్త అనుకుని పారేయకు. పేజ్‌మేకర్ ఎంతకీ నడవకపోతే ఇన్‌డిజైన్ సీఎస్6 ఆ ఫైళ్లను తెరుస్తుంది, దానికి కూడా ఆ ఫాంట్లు కావాలి. టెక్స్టును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి. ఆ తప్పులు నేను దిద్దుతాను. ఆ పాటల యాస నీకు తెలియదు, నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఒక్క జాగ్రత్త మరిచిపోయాను. పాత ఇమేజ్‌లోని ఏ ప్రోగ్రామునూ కొత్త కార్డు మీద నేరుగా నడపకు. ముందు లాప్‌టాప్‌లో యాంటీవైరస్‌తో చూడు. సీఐహెచ్ రకాల్లో ప్రతి నెలా 26న లేచేది కూడా ఉంది. నేను ఈనాటికీ ఏప్రిల్ 26న పాత మిషన్ ఏదీ ఆన్ చేయను. నువ్వూ చేయకు, నా కోసం.

పండుగ మర్నాడు పొద్దున రైలెక్కి మిర్యాలగూడ వస్తాను. ఇమేజ్ తీసేటప్పుడు పక్కన ఉండాలని ఉంది. స్క్రూడ్రైవర్లు, బూట్ ఫ్లాపీలు నేనే తెస్తాను. నేను వచ్చేదాకా ఆగగలిగితే ఆగు. ఆగలేకపోతే కనీసం కరెంటు జాగ్రత్త, బిడ్డా.

విండోస్ కీ కోసం ఎక్కడా వెతకకు. కేబినెట్ మూత లోపలి వైపు ఒక పెళ్లికార్డు టేపుతో అతికించి ఉంటుంది. మీ అమ్మానాన్నలది. ఆ మిషన్ కొన్నాక నేను చేసిన మొదటి పని అదే. దాని వెనుక 25 అక్షరాలు నా చేతిరాతతో ఉన్నాయి. టేపు ఎండిపోయి ఉంటుంది, కార్డు చిరగకుండా మెల్లగా తీయి.

ఇట్లు,
నీ మామ
నల్లగొండ