తలచుకుంటే అప్పు తీరుతుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రతీర గ్రామం. మా వారు ఆరెకరాల చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు సాగు చేస్తున్నారు. వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాయి. మేత దుకాణంలో బాకీ, బయట తెచ్చిన అప్పు కలిపి పదకొండు లక్షలు దాటింది. ఈ పరిస్థితిలో మా ఆడపడుచు భర్త ఆయనను నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో జరిగిన ఉచిత సదస్సుకు తీసుకువెళ్లారు. ఆలోచనను మార్చుకుంటే సంపద దానంతట అదే వస్తుందని అక్కడ చెప్పారట. ఆ తరువాత మూడు రోజుల శిక్షణకు 38 వేలు కట్టారు. ఇప్పుడు శిక్షకుడి స్థాయికి లక్షన్నర కట్టమంటున్నారు. ఆ స్థాయికి చేరినవారు కొత్తగా ఎవరినైనా చేర్పిస్తే, వారు కట్టిన రుసుములో ఐదో వంతు వీరికి ఇస్తారట. మా వారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కోటి రూపాయలు చేతిలో ఉన్నట్టు కళ్లు మూసుకుని ఊహించుకుంటారు. తరువాత నోటు పుస్తకంలో 'ధనం నా దగ్గరకు ప్రవాహంలా వస్తోంది' అని నూట ఎనిమిది సార్లు రాస్తారు. తన పేరిట తానే కోటి రూపాయలకు చెక్కు రాసుకుని పూజ గదిలో అంటించారు. నేను మేత బాకీ మాట ఎత్తితే, 'నీ నెగెటివ్ మాటల వల్లే డబ్బు ఆగిపోతోంది' అంటున్నారు. ఆ లక్షన్నర కోసం నా గొలుసు తాకట్టు పెడదామని అడుగుతున్నారు. ఇందులో నిజం ఏమైనా ఉందా? నిజంగా నా మాటల వల్లే ఇంటికి కీడు జరుగుతోందా?
– ఒక సోదరి, కావలి ప్రాంతం

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను. లేదమ్మా, మీ మాటల వల్ల మీ ఇంటికి ఏ కీడూ జరగడం లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో గుర్తుచేయడం సంసారం నడిపేవారు చేయవలసిన పని. ఆ పని చేసినందుకు మీ మీద నింద వేయడం అన్యాయం. గొలుసు ఇవ్వకండి.

మీ పంటలు పోవడానికి కారణం తెల్లమచ్చ అని మీరే రాశారు. అది ఒక వైరస్ వల్ల వచ్చే తెగులు. పరీక్ష చేయించని రొయ్య పిల్లతో రావచ్చు, పీతల ద్వారా రావచ్చు, తెగులు తగిలిన పక్క చెరువు నీరు కాలువలో వదిలితే ఆ నీటితోనూ రావచ్చు. ఇక ధర సంగతి చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కోస్తా జిల్లాల్లో ధైర్యంగా ఉన్న రైతుకూ, దిగులుగా ఉన్న రైతుకూ ఒకే దెబ్బ తగిలింది. ఎంత ఆశతో సాగు చేశారని కొనుగోలుదారు అడగడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో కౌంట్ చూసి ధర కడతాడు. రొయ్యల రైతు కష్టనష్టాల్లో ఎక్కువ భాగం ఇలా అతని మనసుతో సంబంధం లేని చోట్ల నుంచి వస్తుంది కనుక, మీ వారు నష్టపోవడం ఆయన ఆలోచనల్లోని లోపం కాదు. ఈ మాట మీరు ఆయనకు తప్పక చెప్పండి. ఆ శిక్షకులు ఆయనకు చెప్పని మాట ఇదే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది తెల్లవారుజాము నాలుగింటి ఆ వేళ. చెరువులోని నాచు పగలు ఎండలో ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే మన రైతులు డీవో అనేది, తెల్లవారుజామున అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయినా, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ యంత్రం ఒకటి ఆగిపోయినా రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. గంటలోపు జనరేటర్ వేయకపోతే పంట మొత్తం పోవచ్చు. చెరువు గట్టు మీద టార్చి లైటు పట్టుకుని నిలబడవలసిన మనిషిని సరిగ్గా అదే వేళకు ఇంట్లో కళ్లు మూసుకుని కూర్చోబెట్టిన శిక్షణ ఎంత ప్రమాదకరమో ఆయనకు వేరే ఎవరూ వివరించనక్కరలేదు. ఇరవై ఏళ్ల కిందట ఈ వృత్తిలోకి వచ్చిన ఏ పెద్ద రైతును అడిగినా చెబుతారు.

ఈ బోధ మన ఋషులు చెప్పినదేనని, ఆధునిక విజ్ఞానం కూడా దాన్ని రుజువు చేసిందని ఇలాంటి సదస్సుల్లో తరచుగా వినిపిస్తుంది. నిజానికి ఇది 19వ శతాబ్దపు అమెరికాలో 'న్యూ థాట్' అనే పేరుతో వ్యాపించిన ప్రచారం. దానికి ఆద్యుడిగా చెప్పుకునే ఫినియాస్ క్వింబీ మైన్ రాష్ట్రంలో గడియారాలు తయారుచేసే వ్యక్తి. రోగమంతా మనసులోని తప్పుడు నమ్మకమేనని, నమ్మకం మారితే రోగం పోతుందని ఆయన చెప్పేవాడు. ఆయన 1866లో మరణించాక, తరువాతి వారు అదే మాటను రోగం మీద నుంచి డబ్బు మీదకు మళ్లించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయి జనం దిక్కుతోచక ఉన్న రోజుల్లో అమెరికాలో ఈ సరుకుకు మంచి గిరాకీ ఏర్పడింది. కష్టకాలంలోనే ఈ బేరం బాగా సాగుతుందన్నది గమనించవలసిన విషయం. రెండు పంటలు పోయిన తరువాతనే కదా మీ వారికీ ఆ సదస్సుకు పిలుపు వచ్చింది. ఇక విజ్ఞానం మాట. మెదడులో విద్యుత్ సంకేతాలు ఉన్న మాట నిజమే. కానీ తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి కొలిస్తే అవి మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో తేలేంత బలహీనమైనవి. అవి గోడ దాటి వెళ్లి బ్యాంకు ఖాతాను కదిలిస్తాయని భౌతిక శాస్త్రంలో ఎక్కడా లేదు. క్వాంటం సిద్ధాంతం పేరు చెప్పేవారు కూడా ఆ పేరును అరువు తెచ్చుకుంటున్నారే తప్ప, ఆ శాస్త్రంలో ఇలాంటి మాట చూపించలేరు.

ఈ బోధలోని అసలు అపాయం ఇంకొక చోట ఉంది. చెరువులో చల్లిన మందు పనిచేయకపోతే మందు మంచిది కాదని రైతు అంటాడు, ఇంకోసారి దాన్ని కొనడు. ఇక్కడ మాత్రం ఫలితం రాకపోతే తప్పు ఎప్పుడూ వాడినవాడిదే అవుతుంది: నమ్మకం చాలలేదు, లోపల సందేహం ఉంది, ఇంట్లో ఎవరో అడ్డు మాటలు మాట్లాడుతున్నారు. ఎన్ని వేల మంది విఫలమైనా బోధకు మచ్చ అంటదు. పైగా విఫలమైనవాడికి మందుగా మళ్లీ అదే బోధను, పై స్థాయిలో, ఇంకా ఎక్కువ రుసుముకు అమ్ముతారు. వేదిక మీదకు వచ్చి కారు కొన్నామని చెప్పే నలుగురిని చూపిస్తారు. అదే పుస్తకంలో అదే వాక్యాన్ని రాసి ఏమీ దక్కక సిగ్గుతో ఊరుకున్నవారిని ఎవరూ వేదిక ఎక్కించరు. అప్పుల మాట ఎత్తవద్దని ఇంట్లోవాళ్ల నోరు కట్టేయడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. వడ్డీ నెలనెలా పెరుగుతున్న ఇంట్లో లెక్క చూడటం మానేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఆ ఐదో వంతు సంగతి విడిగా చెప్పాలి. కొత్తవారిని చేర్చినందుకు, వారు కట్టిన డబ్బులోంచి వాటా ఇచ్చి, సులభంగా, త్వరగా డబ్బు వస్తుందని ఆశ చూపే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం నిషేధించింది. నడిపేవారే కాదు, అందులో సభ్యులుగా చేరి పాల్గొనేవారు కూడా ఆ చట్టం కిందకు వస్తారు. మూడేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను, అంటే కింద కొత్తవారిని చేర్చినకొద్దీ పైవారికి డబ్బు వెళ్లే ఏర్పాట్లను, నిషేధించాయి. మీరు చెప్పిన పథకం ఈ చట్టం పరిధిలోకి కచ్చితంగా వస్తుందో లేదో ఆ కాగితాలు చూసి న్యాయవాది చెప్పాలి. అయితే ఆ లక్షన్నర కట్టి, దాన్ని రాబట్టుకోవడానికి మీ వారు బావమరుదులనూ, పక్క చెరువు రైతులనూ చేర్పించడం మొదలుపెడితే, డబ్బుతో పాటు బంధుత్వాలూ పోతాయి, పోలీసు కేసులో పేరు కూడా ఉండవచ్చు. ఈ కోణం నుంచి చెబితే ఆయన వింటారని నా ఆశ.

ఆయనను ఎగతాళి చేయకండి. చెక్కును చింపకండి. ఆయన పుస్తకంలో రాసుకుంటున్నది, దానికి మూలమైన భయం, రెండూ ఆయనవే. ఆ భయాన్ని గౌరవించాలి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎంత వడ్డీకి తెచ్చారు అనేది ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద రాయండి. ఎక్కువ వడ్డీ అప్పు ఏదో అప్పుడు తేలుతుంది. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు చేపలు, రొయ్యల సాగుకు కూడా వర్తిస్తోంది. కౌలుదారులు కూడా అర్హులే కనుక, కౌలు పత్రం, చెరువు రిజిస్ట్రేషన్ కాగితాలు తీసుకుని బ్యాంకులో అడగండి. మేత దుకాణదారుతో మీ ఇద్దరూ కలిసి మాట్లాడి గడువు అడగడం వల్ల పోయేదేమీ లేదు. ఆయనకు నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, బతుకు మీద విరక్తి మాటలు వినిపించడం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీ జిల్లా సంగతే ఒకటి గుర్తు చేస్తాను. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, తమ కూలి డబ్బు సారా దుకాణానికి పోతున్నదని లెక్క కట్టుకున్నారు. లెక్క తెలిశాక దుకాణం ముందు నిలబడ్డారు. 1992లో జిల్లా అంతటా పాకిన ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మిగిలిన డబ్బుతో అదే ఆడవాళ్లు పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టి రోజుకు రూపాయి చొప్పున దాచారు. వారికి ఆశ లేదని ఎవరూ అనలేరు. కానీ 'సారా లేని ఊరు'ను ఊహించుకుంటూ కూర్చుని ఉంటే ఆ ఊరు వచ్చేది కాదు; రూపాయి ఎక్కడికి పోతోందో చూశారు, దారి అడ్డుకున్నారు. అందుకే మేత బాకీ గుర్తుచేసే మీ మాటను నేను ఈ జిల్లా ఆడవాళ్ల మంచి సంప్రదాయానికి చెందినదిగా భావిస్తున్నాను.

ప్రశ్న: నేను ఒంగోలులో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఇలాంటి వాటిని మీరు విమర్శిస్తూ ఉంటారు. కానీ 'గెలుస్తాను' అనుకోకుండా ఎవరైనా గెలుస్తారా? సానుకూలంగా ఆలోచించడమే తప్పా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: తప్పు కాదు. 'గెలవగలను' అనే నమ్మకానికీ, గెలిచినట్టు ఊహించుకుని ఆ ఊహలో సుఖపడటానికీ మధ్య ఉన్న తేడాను మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధించారు. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫామ్, టేలర్ అనే ఇద్దరు 1999లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు కొందరు విద్యార్థులను మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని పుస్తకం తీసి, టీవీ కట్టేసి, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవారు ఎక్కువసేపు చదివారు, మార్కులూ ఎక్కువే తెచ్చుకున్నారు. జర్మనీకి చెందిన గాబ్రియేలె ఓటింగెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, చదువు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నవారిలో మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎక్కువగా పగటికలలు కన్నవారు తక్కువ దరఖాస్తులు పెట్టారని, రెండేళ్ల తరువాత చూస్తే వారికి జీతం కూడా తక్కువగా ఉందని తేలింది. తమ గత అనుభవాన్ని బట్టి ఉద్యోగం వస్తుందని నమ్మినవారు మాత్రం బాగా రాణించారు. ఫలితాన్ని ఊహలోనే అనుభవించేస్తే, దాన్ని సాధించాలన్న ఉత్సాహం కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

కాబట్టి ఉద్యోగం వచ్చినట్టు కలలు కనడానికి కేటాయించే ఆ అరగంటను పాత ప్రశ్నపత్రానికి ఇవ్వండి. ఏ అధ్యాయంలో తప్పులు పోతున్నాయో రాసుకోండి. దాన్ని ఎవరైనా నెగెటివ్ అంటే పట్టించుకోకండి.

ప్రశ్న: ఇలాంటి శిక్షణకు నా కుమారుడు 60 వేలు కట్టాడు. ఇచ్చిన హామీల్లో ఒక్కటీ జరగలేదు. డబ్బు వెనక్కి తెచ్చుకునే మార్గం ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: ఉంది, అయితే అది మీ దగ్గర ఉన్న ఆధారాలను బట్టి ఉంటుంది. డబ్బు కట్టిన రసీదు లేదా ఫోన్‌పే వివరం, ఆదాయం వస్తుందని హామీ ఇచ్చిన కరపత్రం, వాట్సాప్ సందేశాలు, వీడియోలు, ఇవన్నీ ఇప్పుడే దాచిపెట్టండి; ఫిర్యాదు చేస్తున్నారని తెలిస్తే గ్రూపు నుంచి తొలగించి సందేశాలు చెరిపేయవచ్చు. 'మనసు బాగుపడుతుంది' వంటి మాటలతో వాదించడం కష్టం. 'మూడు నెలల్లో ఇంత ఆదాయం' అని అంకెతో చెప్పిన హామీ ఉంటే మీ పక్షం బలంగా ఉంటుంది. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ పరిష్కారం కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. సంస్థ ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే, ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, మీ అబ్బాయి స్వయంగా వాదించుకోవచ్చు. అన్యాయం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి కనుక తేదీ చూసుకోండి. డబ్బు ఆన్‌లైన్‌లో మోసపూరితంగా పోయిందని అనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసి చెప్పండి. ఫిర్యాదు మీ అబ్బాయి పేరిటే ఉండాలి, రసీదు అతని పేరిట ఉన్నది కనుక.