నేను చూడని సినిమాలు నా స్ట్రీమింగ్ ఖాతాలో కనిపిస్తున్నాయి. ఆ సంస్థ హ్యాక్ అయిందా?

అయి ఉండకపోవచ్చు. చాలాసార్లు పాస్‌వర్డ్ బయటపడేది వేరే చోట. మీరు ఎప్పుడో మరచిపోయిన చిన్న వెబ్‌సైట్ నుంచి లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్‌లను ప్రోగ్రాములతో ఇతర సేవల్లో వరుసగా ప్రయత్నిస్తారు. రెండుచోట్లా ఒకటే పాస్‌వర్డ్ ఉంటే తలుపు తెరుచుకున్నట్టే. రోకు అనే అమెరికా స్ట్రీమింగ్ సంస్థకు చెందిన సుమారు 5,76,000 ఖాతాల్లోకి ఇలాగే చొరబడ్డారని 2024లో వెల్లడైంది. అప్పుడు ఆ సంస్థ అన్ని ఖాతాలకూ రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో నిర్ధారణ కూడా అడిగే పద్ధతి, పెట్టింది.

పాస్‌వర్డ్ చివర 1 తీసి 2 పెడితే సరిపోదు, పూర్తిగా కొత్తది కావాలి. ఇప్పటికే లోపల ఉన్నవారు అలాగే కొనసాగవచ్చు కాబట్టి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. దయచేసి ఈమెయిల్‌కు మాత్రం మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. అది చేజారితే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లను దాని ద్వారానే మార్చేయగలరు.